అక్షరం పొల్లు పోలేదు

జనవరి 6

రాయకూడదనే అనుకున్నాను. ఈ డైరీ బ్యాంకు వాళ్లు ఊరికే ఇచ్చింది. ఊరికే వచ్చినవాటిని నేను వాడను, దాచుకుంటాను. బీరువాలో ఇలాంటివి పద్నాలుగు ఉన్నాయి, అన్నీ తెల్లగా, పెళ్లికాని పిల్లల్లా. కానీ నిన్న భోజనాల దగ్గర మా ఆవిడ అంది, "ఆ డైరెక్టరమ్మ సంగతి మీరు నాకు చెప్పడం ఇది మూడోసారి. నాలుగోసారి కాగితానికి చెప్పుకోండి. దానికైతే పొయ్యి మీద ఏమీ మాడదు."

అందుకని ఇది.

సంగతి పెద్దదేం కాదు. మా నాటక సమాజానికి ఈ నెలాఖరుకి యాభై ఏళ్లు నిండుతాయి. రాజు నాటకం మళ్లీ వేస్తున్నాం. నేనే రాజు. ముప్పైనాలుగేళ్లుగా నేనే రాజు. ఈ మధ్యలో ప్రభుత్వాలు ఎన్ని మారాయో నాకు లెక్క లేదు, ఆ కిరీటం మాత్రం మారలేదు. అట్ట కిరీటం, లోపల దూది. నడిపించడానికి ఈసారి కొత్తావిడ వచ్చింది. ముప్పై అయిదు దాటి ఉండవు. నాటకం గురించి చదువుకుందట. నాటకం గురించి చదువు ఉంటుందని నాకు తెలిసేసరికే యాభై దాటాయి.

మొదటి రోజు అందరం కూర్చుని పుస్తకం చదువుతుంటే, నాలుగో అంకం చివర ఆపింది.

"మాస్టారూ, ఈ దుప్పటి మాట ఎక్కడిది?"

"కవిది."

"కవి పుస్తకంలో లేదండి."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

జనవరి 7

చెయ్యి అలవాటు పడాలని కథ రాస్తున్నాను. మర్చిపోతానని కాదు.

రాజుకి ఒక తమ్ముడు. కరువు రోజుల్లో, కోటలోని ధాన్యం ఎవరు ముట్టుకున్నా కొండల అవతలికి తోలేస్తామని రాజే శాసనం చేస్తాడు. మొదట దొరికేది తమ్ముడే. తన కోసం తీయలేదు, ఎవరి పిల్లలకో పెట్టాడు. అయినా శాసనం శాసనమే. నాలుగో అంకం చివర తీర్పు. రాజు పద్నాలుగు పద్యాలు చదువుతాడు. అందులో పన్నెండు ఆయన గొప్పతనం గురించే. (ఇది నా సొంత అభిప్రాయం. ఉపన్యాసాల్లో చెప్పను.) తర్వాత భటుల వైపు తిరిగి "ఇతణ్ణి తీసుకుపొండు" అంటాడు. వాళ్లు రెండడుగులు వేస్తారు. అప్పుడు రాజు, ఎటూ చూడకుండా:

"వాడికి చలి ఎక్కువ. ఒక దుప్పటి ఇవ్వండి."

తెర.

ఆ మాటకి హాల్లో దగ్గు కూడా ఆగిపోతుంది. దగ్గు అంటే గుర్తొచ్చింది, ప్రేక్షకుడు దగ్గేది రొంప చేసి కాదు. మర్యాదస్తుడు ఆవలించలేడు, లేచి పోలేడు, అందుకని దగ్గుతాడు. మా రోజుల్లో ఒక విదూషకుడు ఉండేవాడు. దగ్గులు లెక్కపెట్టి, పదిహేను దాటితే ఆ సన్నివేశంలో తానే జారి పడేవాడు, కథకి అవసరం ఉన్నా లేకపోయినా. ఒకసారి శవాన్ని మోసుకెళ్లే సన్నివేశంలో కూడా పడ్డాడు. శవం నవ్వింది.

ఏం చెప్తున్నాను. దుప్పటి. ఆ మాట మీద తొమ్మిది కాలేజీల్లో ఉపన్యాసం ఇచ్చాను. "నాటకమంతా సింహాసనం మీంచి మాట్లాడిన రాజు చేత ఆ ఒక్క చోట ఇంట్లో మాట మాట్లాడించాడు కవి. పద్నాలుగు పద్యాలు చెయ్యలేని పని ఒక దుప్పటి చేసింది" అంటాను. పిల్లలు రాసుకుంటారు. అయిదో తరగతి తప్పిన వాణ్ణి కాలేజీ మెట్లెక్కించింది ఆ దుప్పటే.

అది లేదంటే ఎలా?

జనవరి 9

ఆవిడ అచ్చు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను మా ప్రాంప్టరు రాసిన ప్రతి పెట్టాను. ఇద్దరం పేకాటలో ముక్కలు దించినట్టు దించాం.

మా ప్రతిలో, నల్ల సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో: వాడికి చలి ఎక్కువ, ఒక దుప్పటి ఇవ్వండి. ఆవిడ పుస్తకంలో అదే చోట: "ధర్మమునకు తమ్ముడు లేడు."

"రెండిట్లో ఏది పాతది మాస్టారూ?" అంది.

నేను చెప్పాను. అమ్మా, నేను వేషం కట్టకముందు ప్రెస్సులో నాలుగేళ్లు అక్షరాలు పేర్చాను. నాకు అక్షరాలు తలకిందులుగా చదవడం ముందొచ్చింది, నిటారుగా చదవడం తర్వాత వచ్చింది. ఒక లైను ఎగిరిపోవడం ఎంతసేపు. పేర్చేవాడికి ఆకలేస్తే లైను పోతుంది, టీ వస్తే లైను పోతుంది. ఖాళీ కనిపిస్తే యజమాని తిడతాడని ఏదో ఒకటి కూరుస్తాడు. "ధర్మమునకు తమ్ముడు లేడు" అన్నది అలా కూర్చినట్టే ఉంది. పంచాంగం అట్ట మీద వేసుకునే మాట అది.

అందరూ నవ్వారు. ఆవిడ కూడా కొంచెం నవ్వింది.

"సరే, ఇంకో ప్రెస్సులో వేసిన పుస్తకం కూడా చూస్తాను" అంది.

చూడనీ.

జనవరి 10

ప్రెస్సు వాళ్ల తప్పే.

జనవరి 11

యాభై ఏళ్ల సంచికకి నా గురించి ఎవరో రాశారు, చదివి సరిచూడమని పంపారు. ఎప్పుడూ రాసేదే. తమ్ముడు పోయిన మూడో రోజు నాటకం ఆడాను, అక్షరం పొల్లు పోలేదు. అక్కడి నుంచే నాకు ఆ పేరు. పొల్లుపోని రాజు అంటారు. మా తమ్ముడు ఈ నాటకంలో తమ్ముడి వేషమే వేసేవాడు. ఆ మూడో రోజు వాడి బదులు ఇంకొకతను వేశాడు, చొక్కా వదులైంది.

సరిచూశాను. తప్పులేమీ లేవు.

జనవరి 13

ప్రాంప్టరు ఇంటికి వెళ్లాను. ఊరికే, చూసి చాలా రోజులైందని.

వాణ్ణి మేమంతా పక్కగొంతు అంటాం. ముప్పైనాలుగేళ్లు తెర పక్కన ఎత్తు పీట మీద కూర్చుని, మాట తడబడినవాడికి మాట అందించినవాడు. కొత్తవాళ్లకి వాడు చెవిలో దేవుడు. నాకు మాత్రం ఎప్పుడూ అందించలేదు. అవసరం రాలేదు. ఇప్పుడు రెండు కళ్లకీ శుక్లాలు, ఇంటిపట్టునే ఉంటున్నాడు.

వాడికో పద్ధతి ఉంది, మా సమాజంలో అందరికీ తెలుసు. నటుడు పుస్తకంలో లేని మాట అంటే, ఆ రోజు తారీకుతో సహా పక్కన పెన్సిల్‌తో రాస్తాడు. ఆ మాట రెండోసారి కూడా వస్తే పెన్సిల్ మీద సిరా దిద్దుతాడు. పుస్తకం నలిగిపోయాక కొత్త ప్రతి రాసేటప్పుడు పెన్సిల్ మాటలు వదిలేసి సిరా మాటలు ఎక్కిస్తాడు. "ఒకసారి అంటే తప్పు, రెండుసార్లు అంటే పాఠం" అంటాడు. విదూషకుడి బూతులు సగం అలాగే పాఠమయ్యాయి.

"పాత ప్రతి ఉందా?" అన్నాను.

"ఏ పాత?"

"అన్నిటికంటే పాత. మొదటిది."

"చెదలు తిన్నాయి రాజా" అన్నాడు.

నన్ను రాజా అనేది వాడొక్కడే. వేళాకోళం అలవాటై అలాగే ఉండిపోయింది.

"ఎప్పుడు తిన్నాయి?"

"చెదలు తారీకు వేసుకుని తింటాయా? టీ తాగుతావా?"

తాగాను. వాడు కప్పు కోసం బల్లంతా తడిమాడు గానీ నా మొహం వైపు చూడలేదు. కళ్లు కనపడవు కదా, ఎటు చూస్తే ఏముంది.

జనవరి 15

ఇంకో రెండు అచ్చు పుస్తకాలు తెచ్చింది. వేరే వేరే ప్రెస్సులు, మధ్య ఇరవై ఏళ్ల తేడా. రెండిట్లోనూ ధర్మమునకు తమ్ముడు లేడు.

నన్ను పక్కకి పిలిచి, అందరి ముందూ కాకుండా, చెప్పింది. అది మెచ్చుకోవాలి.

"మాస్టారూ, ఈసారి కవి రాసింది రాసినట్టు ఆడిద్దామని నా కోరిక. అన్నిచోట్లా కత్తిరించాను. విదూషకుడి మాటలు ముప్పై పోయాయి. మీ ఒక్క మాటకి మినహాయింపు ఇస్తే మిగతావాళ్లకి ఏం చెప్పను? అది కవిదేనని ఎక్కడైనా ఒక్క కాగితం చూపించండి, చేతులు కట్టుకుని ఉంచుతాను."

"చూపించలేకపోతే?"

"పుస్తకంలో ఉన్నది అనండి."

"అనకపోతే?"

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడిచింది. "మంత్రిగారికి కూడా రాజు పాఠం వచ్చునట" అంది.

మంత్రి వేషం వేసేవాడు అలమరలో చలిచీమలా పద్దెనిమిదేళ్లుగా నా వేషం చుట్టూ తిరుగుతున్నాడు. వాడికి పాఠం రావడంలో ఆశ్చర్యమేముంది. నాకు జలుబు చేసిన ప్రతిసారీ వాడికి ఆకలేస్తుంది.

అంటాను, అదేం బ్రహ్మవిద్యా. మూడు మాటలు.

జనవరి 16

పదకొండుసార్లు.

పద్నాలుగు పద్యాలూ చదువుతాను, "ఇతణ్ణి తీసుకుపొండు" అంటాను, భటులు రెండడుగులు వేస్తారు, నేను నోరు తెరుస్తాను, "వాడికి చలి" అని వస్తుంది. పదకొండుసార్లూ అంతే. భటుల్లో ఒకడు కాళ్లు నొప్పులని కూర్చున్నాడు. మంత్రి నీళ్లు తెచ్చి ఇచ్చాడు. వాడి మంచితనం చూస్తే ఒళ్లు మండింది.

గుర్రాన్ని ముప్పై ఏళ్లు ఒకే ఇంటికి తోలి, ఇవాళ పక్కింటికి పొమ్మంటే పోతుందా. అంతే. వేరే ఏమీ లేదు.

జనవరి 17

మా ఆవిడ అడిగింది, "అద్దంలో ఎవరితో మాట్లాడుతున్నారు?"

"ధర్మానికి తమ్ముడు లేడట" అన్నాను.

ఆవిడ తువ్వాలు మడత పెడుతోంది. మడత పెట్టినదాన్ని విప్పి మళ్లీ మడత పెట్టింది.

జనవరి 18

పక్కగొంతు వచ్చాడు. కోడలి భుజం పట్టుకుని మూడు మెట్లెక్కి, సంచీ ఒకటి నా ఒళ్లో పెట్టి, కోడల్ని వంటింట్లో మా ఆవిడ దగ్గరికి పంపేశాడు.

"చెదలు తినలేదు" అన్నాడు.

"తెలుసు."

"నీకేం తెలుసు? ఏమీ తెలీదు. చూడు."

మొదటి ప్రతి. అట్ట ఊడింది, ప్రెస్సులో నేర్చిన పనితో నేనే కుట్టిన అట్ట. నాలుగో అంకం చివరి పేజీ తీశాను. అసలు పాఠంలో, వాడి రాతలోనే, ధర్మమునకు తమ్ముడు లేడు. పక్కన అంచులో, సిరా కింద పెన్సిల్ ఇంకా కనిపిస్తోంది: వాడికి చలి ఎక్కువ ఒక దుప్పటి ఇవ్వండి. కింద తారీకు.

నేను తారీకు చూశాను. వాడికి కనపడదు గానీ నేను ఏది చూస్తున్నానో వాడికి తెలుసు.

"ఆ రోజు మాట పోయింది నీకు" అన్నాడు. "నాలుగోసారో అయిదోసారో అందించాను. గట్టిగానే. ముందు వరసకి కూడా వినపడి ఉంటుంది. నువ్వు నా వైపు తిరిగి చూశావు కూడా. వినలేదు. తర్వాత అది అన్నావు."

"మర్నాడు చెప్పొచ్చు కదా."

"చెబుదామనే వచ్చా. నువ్వు గడప మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నావు. తమ్ముడు పోయి నాలుగో రోజు, నీకు నాటకం తప్పు అని చెప్పమంటావా? తర్వాతి ఆటలో చూద్దామనుకున్నా. తర్వాతి ఆటలో కూడా అదే అన్నావు. సిరా పెట్టా. మన పద్ధతి కదా."

"తర్వాతైనా చెప్పొచ్చు."

"తర్వాత నువ్వు కాలేజీల్లో ఉపన్యాసాలు మొదలెట్టావు రాజా. కవి హృదయం అంటావు, దుప్పటి అంటావు. నేను వెనక బెంచీలో కూర్చుని వింటున్నా. ఏమని లేచి నిలబడను?"

నాకు నవ్వొచ్చింది. వాడికీ వచ్చింది. ఇద్దరం ముసలాళ్లం దగ్గేదాకా నవ్వాం. వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసింది.

వెళ్లేటప్పుడు వాడన్నాడు, "డైరెక్టరమ్మకి చూపించాలంటే చూపించు. చూపించకపోతే చెదలు తిన్నాయి. నీ ఇష్టం."

జనవరి 19

పెన్సిల్ రాత ఎవరైనా ఎప్పుడైనా రాయొచ్చు. తారీకు కూడా.

జనవరి 20

పై మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. ఇది ఎవరూ చదవరు.

జనవరి 22

మా ఆవిడ గురించి ఒకటి రాయాలి. పెళ్లయిన దగ్గర నుంచీ నా ప్రతి నాటకానికీ మూడో వరసలో కూర్చుంటుంది. రాజు నాటకంలో మాత్రం నాలుగో అంకం సగంలో లేచి బయటికి పోతుంది, అంకం అయ్యాక వస్తుంది. నేను దాన్ని మధుమేహం కింద జమ కట్టాను. కానీ మొదలైనప్పుడు ఆవిడకి ముప్పైతొమ్మిదేళ్లు, మధుమేహం వచ్చింది యాభై అయిదులో. ఈ తీసివేత నేను ఇవాళ చేశాను.

మధ్యాహ్నం ఆవిడ ఎండిన బట్టలు తెస్తుంటే అడిగాను.

"నాలుగో అంకంలో ఎందుకు లేచిపోతావు?"

"ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"చెప్పు."

బట్టలు మంచం మీద పడేసి, నా చొక్కా ఒకటి తీసి బొత్తాలు పెట్టడం మొదలెట్టింది. "ఆ దుప్పటి మడత పెట్టి సంచీలో పెట్టింది నేనే కదండీ. రంగు కూడా చెప్పమంటారా? ముదురు ఆకుపచ్చ, ఒక అంచు పిగిలింది. సాయంత్రం వెళ్లేటప్పుడు ఇచ్చేస్తానని మీరు చేతికి తగిలించుకుని వెళ్లారు."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను కుర్చీలోనే ఉన్నాను. అది నాటకంలోది కాదని హాల్లో నాకొక్కదానికే తెలుసు. మూడో వరసలోంచి లేచి ఏం చెయ్యను? రెండోసారి నించి లేచిపోతున్నా."

"ముప్పై ఒక్క ఏళ్లు ఎందుకు అడగలేదు?"

"మీరు చెప్తారేమోనని చూశాను" అంది. ఇంకో చొక్కా తీసింది. "తర్వాత, మీకు తెలీదేమో అనుకున్నా. నిజంగానే కవి రాశాడు అనుకుంటున్నారేమో అని. ఆయన్ని అలా అనుకోనిద్దాం, తిండి తింటున్నాడు కదా, అనుకున్నా."

"నాకు నిజంగానే తెలీదు."

"అవునా" అంది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

నాకు తెలుసో లేదో నాకు తెలియలేదు. అది ఎలా ఉంటుందంటే, కిరీటం నాలుగు గంటలు పెట్టుకున్నాక తీసినా తల మీద ఉన్నట్టే ఉంటుంది. తడుముకుంటే జుట్టు తగులుతుంది. ఇది తిరగేసి చెప్పాల్సిన పోలిక. సరిగ్గా కుదరలేదు.

జనవరి 23

రాయాలి కాబట్టి రాస్తాను. పొడి పొడిగా.

మా తమ్ముడికి ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం ఇచ్చారు. కిటికీ రెక్క ఒకటి మూసుకోదు. పొద్దున నేను వెళ్లాను. వాడు ఎక్కువ మాట్లాడలేదు, ఈ ఆటకి తన వేషం చొక్కా ఎవడికి ఇస్తున్నారని అడిగాడు. ఎవడికీ ఇవ్వం, నువ్వే వస్తావన్నాను. లేచి వచ్చేస్తుంటే, "అన్నయ్యా, ఇంకో దుప్పటి ఉంటే తే" అన్నాడు. సాయంత్రం తెస్తానన్నాను.

ఇంటికెళ్లి చెప్పాను. మా ఆవిడ సంచీలో పెట్టి ఇచ్చింది. నేను సంచీతోనే రిహార్సలుకి వెళ్లాను. నాలుగో అంకం కుదరలేదు. వాడి బదులు తీసుకున్నవాడికి పాఠం రాలేదు, రాజుకి ఎదురుగా నిలబడటం కూడా రాలేదు. నేనే దగ్గరుండి నేర్పించాను. ఒకసారి పక్కగొంతు గడియారం చూపించాడు. ఇంకొక్కసారి చేసేద్దాం అన్నాను. ఆ ఇంకొక్కసారి అయిదుసార్లయింది. బయటికి వచ్చేసరికి ఆసుపత్రి గేటు వేసే వేళ దాటింది. పొద్దున ఇద్దాంలే అనుకున్నాను.

పొద్దున అవసరం లేకపోయింది.

దుప్పటి ఉన్నా పోయేవాడే అన్నాడు డాక్టరు. నేను అడగకుండానే చెప్పాడు. చలికీ దానికీ సంబంధం లేదట. అది నిజమే అయి ఉంటుంది, చదువుకున్నవాడు.

ఆ సంచీ రిహార్సలు గదిలో మేకుకి చాలా రోజులు వేలాడింది. తర్వాత ఎవరో తీసుకెళ్లారు.

జనవరి 24

ఏమీ రాయబుద్ధి కాలేదు. జోళ్లకి మేకులు కొట్టించుకున్నాను.

జనవరి 25

రిహార్సలుకి ముందే వెళ్లి డైరెక్టరమ్మ చేతికి పాత ప్రతి ఇచ్చాను.

"అచ్చు పుస్తకాలే సరైనవి. ఇది నా తప్పు. ఒక రోజు మాట పోయి ఏదో అన్నాను, అది పాతుకుపోయింది" అన్నాను. ఏ రోజో చెప్పలేదు. ఆవిడ పేజీ చూసింది, తారీకు చూసింది. సంచికలో వేసే వ్యాసం ఆవిడ కూడా చదివే ఉంటుంది, ఎందుకంటే చాలాసేపు తల ఎత్తలేదు.

తర్వాత నాలుగో అంకం. పద్నాలుగు పద్యాలు. తీసుకుపొండు. రెండడుగులు.

"ధర్మమునకు తమ్ముడు లేడు."

వచ్చింది. మొదటిసారికే. భటులు ఆశ్చర్యపడి ఆగిపోయారు, మళ్లీ చెయ్యాల్సి వచ్చింది. మళ్లీ వచ్చింది. మంత్రి చప్పట్లు కొట్టాడు, పాపం. ఎంత బాధగా కొట్టాడో.

అందరూ వెళ్లాక ఆవిడ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "మాస్టారూ, ఒక మాట. దుప్పటి ఉంచేద్దాం."

"కవిది కాదమ్మా."

"తెలుసు. కానీ కవి మాట కంటే అదే బాగుంది. ఇవాళ పక్కపక్కన విన్నాక నాకే అనిపించింది. నేను మొండితనం చేశాను."

పది రోజుల కింద ఇదే మాట అని ఉంటే ఆవిడకి గుడి కట్టేవాణ్ణి.

"బాగుంటే మాత్రం? ఆ మాట అనాల్సిన చోటు స్టేజీ కాదు. అక్కడ అనలేదు, ఇక్కడ అన్నాను. ముప్పై ఒక్క ఏళ్లు, ఆడిన ప్రతి ఊళ్లో, టిక్కెట్టు పెట్టి మరీ అన్నాను. ఇంక చాలు" అన్నాను.

"ధర్మం మాటే అంటారా అయితే?"

"రాసి ఉన్నది అంటాను. నా పని అదే కదా."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. మనిషి మంచిదే. చదువు మనిషిని పూర్తిగా పాడు చెయ్యదని దీన్ని బట్టి తెలుస్తోంది.

సంచిక వాళ్లకి ఫోన్ చేసి ఆ మూడో రోజు వాక్యం తీసెయ్యమన్నాను. అచ్చుకి వెళ్లిపోయిందన్నారు. ప్రెస్సులో ఎవరికైనా ఆకలేసి లైను ఎగిరిపోతుందేమో అని ఆశపడ్డాను. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లు. వాటికి ఆకలి లేదు.

జనవరి 28

మా ఆవిడ అడిగింది, "ఏం తేల్చారు?"

"ధర్మానికి తమ్ముడు లేడు" అన్నాను.

"సరే" అంది. "మీ వేషం చొక్కా వదులుగా ఉంది, లోపలికి కుట్టు వేస్తాను, ఇటివ్వండి" అంది.

జనవరి 31

ఇవాళ ఆట. సాయంత్రం ఆరింటికి. గంట మాత్రమే నిద్ర పట్టింది, దోమల వల్ల.

ఫిబ్రవరి 1

నిన్నటిది రాస్తున్నాను.

హాలు నిండింది. పక్కగొంతుని తెచ్చి తెర పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. పుస్తకం కనపడదు కాబట్టి ఒట్టి చేతులతో కూర్చున్నాడు. ఒకటో అంకం మామూలు. రెండో అంకంలో మంత్రి ఒక పద్యం సగం మింగేశాడు. నేను మెల్లగా అందించాను, నా ఇన్నేళ్లలో అది మొదటిసారి. వాడు అందుకుని, తర్వాత చీకట్లో నా చెయ్యి నొక్కాడు. ఎందుకో వాడి మీద కోపం పోయింది. మళ్లీ వస్తుందిలే.

నాలుగో అంకం. పద్నాలుగు పద్యాలూ అయ్యాయి. నా గొంతు బాగానే ఉంది. తీసుకుపొండు అన్నాను. తమ్ముడి వేషం వేసినవాడు నా వైపు చూశాడు. మంచి నటుడు, ముక్కు మాత్రం కాస్త పెద్దది. భటులు రెండడుగులు వేశారు.

హాలు ఎదురుచూడటం నాకు తెలిసింది. ఆ మాట కోసమే వచ్చినవాళ్లు ఉంటారు, కొందరు పెదవులు కదుపుతారు కూడా. నేను ఇంతకుముందు ఎప్పుడూ ఆగనంతసేపు ఆగాను. పక్కగొంతు కుర్చీలో ముందుకి వంగాడు, పాత అలవాటు.

"ధర్మమునకు తమ్ముడు లేడు" అన్నాను.

తెర పడింది. చప్పట్లు వచ్చాయి. ఎప్పటిలా కాదు, కొంచెం ఆలస్యంగా, ముందు ఒక మూల నుంచి, తర్వాత మిగతావాళ్లు. రెండు దగ్గులు వినిపించాయి.

అయిదో అంకం కూడా బాగానే జరిగింది.

ఆట అయ్యాక మేకప్ గదిలో ఒకాయన వచ్చాడు. బజార్లో గడియారాలు బాగుచేసేవాడినని చెప్పుకున్నాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్దవాడు, చేతికర్ర ఉంది. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో మా సమాజం రాజు నాటకం వేసిన ప్రతిసారీ చూశాడట, ఇది ఇరవై ఆరోది. ఈసారి మనవరాల్ని కూడా తీసుకొచ్చాడట, దుప్పటి మాట వినిపిద్దామని.

కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తడబడగా చూడలేదండీ మిమ్మల్ని" అన్నాడు. "ఇవాళ ఆ ఒక్క మాటా జారిపోయింది. అంతసేపు ఆగారు కదా, వెతుక్కుంటున్నారని నాకు అర్థమైంది. ఏం ఫర్వాలేదు. వయసు."

నా పక్కన మంత్రి ఏదో అనబోయాడు. నేను వాడి మోచెయ్యి పట్టుకున్నాను.

"అవునండీ" అన్నాను. "మర్చిపోయాను."

ఆయన నా భుజం తట్టి, మెట్లు జాగ్రత్తగా దిగి వెళ్లాడు. నేను కొబ్బరినూనె రాసుకుని మొహం తుడుచుకున్నాను.